కరిగిందని ఎవరు చెప్పారు

ఆదివారం పొద్దున్నే పాత స్నేహితురాలు ఫోన్ చేసి, "ఇంగ్లీషు సారు పోయిండే" అంది. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "ఎవరు చెప్పిండ్రు? నువ్వు చూసినవా?" అని. అడిగాక నాకే సిగ్గేసింది. కానీ ఆయన దగ్గర చదివినవాళ్ళు ఎవరైనా అదే అడిగేవాళ్ళు. సారు మాకు ముందు నేర్పింది అనుమానం, ఆ తర్వాతే ఇంగ్లీషు.

తొంభైల చివర్లో ఛత్రినాకలో మా బాపుకు ఐసు దుకాణం ఉండేది. ఫ్యాక్టరీ నుంచి పెద్ద గడ్డలు తెచ్చి, రంపపు పొట్టులో పూడ్చి, పైన గోనెపట్టా కప్పి, అడిగినవాళ్ళకు కొట్టి ఇచ్చేవాడు. అప్పుడే మా గల్లీలో ఒక మేడ మీది గదిలోకి కోస్తా నుంచి వచ్చిన ఒకాయన అద్దెకు దిగారు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారట. ఆ మాట గల్లీలో ఒక్కరూ నమ్మలేదు. దుకాణాల మధ్య ఒంటరిగా దిగి, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చునే మనిషిని పన్నుల వాళ్ళే పంపి ఉంటారని కిరాణా సేటు తేల్చేశాడు. పైగా ఆయన వారం వారం వచ్చి ఐసు కొనేవారు. గడ్డను నాలుగు వైపులా తిప్పించి, పొట్టంతా దులిపించి, అప్పుడు గానీ తూకం వేయనిచ్చేవారు కాదు.

"ఇంట్ల దావత్ లేదు, శర్బత్ బండి లేదు. గంత ఐసు ఏం జేస్తడు?" మా బాపుకు అదే రంధి. ఆయన మేడ మీద ఇంగ్లీషు క్లాసు పెట్టారని తెలియగానే నన్ను పిలిచాడు. "నువ్వు పో బిడ్డా. ఇంగ్లీషు వస్తది, ఆ ఐసు సంగతి గూడ తెలుస్తది."

అలా నేను ఆ క్లాసులో గూఢచారిగా చేరాను. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచర్ కావాలని నాకు గట్టి కోరిక. నాలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పాలంటే గొంతు ఎండిపోయేది. బోనాలలోపు నౌకరీ రాకపోతే దుకాణంలో కూర్చోవాల్సిందేనని బాపు ముందే చెప్పేశాడు.

ఐసు రహస్యం మొదటి వారమే బయటపడింది. ఏటవాలుగా పెట్టిన పళ్ళెంలో మట్టీ గులకరాళ్ళూ పరిచి, దాని మీద ఐసు పెట్టారు సారు. ఐసు కింది కొసకు సూటిగా పళ్ళెం అంచు మీద సుద్దముక్కతో గీత గీశారు. "ఇది గ్లేసియర్ అనుకోండి. కొండ మీంచి మెల్లగా జారే మంచు నది. గ్లేసియర్లు రిట్రీట్ అవుతున్నాయని, అంటే వెనక్కి పోతున్నాయని పేపర్లో రాశారు. నమ్ముతారా?"

నమ్ముతామన్నాం.

"ఎందుకమ్మా నమ్మడం? మంచుకు కాళ్ళున్నాయా?"

క్లాసు అయ్యేసరికి ఐసు అంచు గీతకు బెత్తెడు పైన ఉంది. అది వెనక్కి నడవలేదు, కింది కొస కరిగిపోయిందంతే. "ఇప్పుడు రాసుకోండి, రిట్రీట్" అన్నారు. చూడనిదే ఏ మాటా రాసుకోనిచ్చేవారు కాదు. గ్లేసియర్స్ ఆర్ మెల్టింగ్ అని ఊరికే అంటే ఒప్పుకునేవారు కాదు. నేను చూశాను, నేను చదివాను, కొలిచినవాళ్ళు చెబుతున్నారు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ముందు ఇంగ్లీషులో చెప్పి అప్పుడు అసలు సంగతికి రావాలి. "పుస్తకం వెళ్ళి చూసి రాలేదు కదా, మనిషెవరో చూసి ఉంటాడు. ఆ మనిషిని చెప్పు."

వాళ్ళ కాకినాడ వైపు సముద్రం రోడ్డును కోసేసిందని తమ్ముడు ఫోన్లో చెబితే, ఆయన నమ్మక రైలెక్కి వెళ్ళి చూసి వచ్చారు. "సముద్రం లోపలికి వచ్చింది, చూశాను. మంచు కరగడం వల్లేనా అంటే నేను చెప్పలేను. అది కొలిచినవాళ్ళని అడగాలి." సొంత ఊరి విషయంలో కూడా ఆయన ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అప్పుడే.

బాపు అనుమానం మాత్రం తీరలేదు. "ఐసు కరిగిపిచ్చి ఇంగ్లీషు చెప్తడా? ఏందో ఉంది" అనేవాడు. సారు కూడా తక్కువ తినలేదు. "మీ నాన్నగారు పొట్టును కూడా ఐసు కిందే జమ కడుతున్నారేమో కనుక్కో" అని నా చేతే కబురు పంపేవారు. పాలు వాసన చూడనిదే కాఫీ పెట్టేవారు కాదు. తాళం వేశాక నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసేవారు.

కిషన్‌బాగ్‌లో ఒక స్కూలు నన్ను పాఠం చెప్పి చూపించమంది. క్లైమేట్ ఛేంజ్ పాఠమే ఇచ్చారు. ఐసు నేనే తెస్తానని బాపు పట్టుబట్టాడు. సారులా పొట్టు దులిపిన ఐసయితే సగం దారిలోనే నీళ్ళయిపోతుందని బాపు భయం. మంచి గడ్డ ఏరి, తడి పొట్టు మందంగా పట్టించి, అదిమి, గోనెపట్టా చుట్టి సైకిల్ మీద తెచ్చి క్లాసులో దించాడు. నేను పట్టా విప్పి, గీత గీసి, మెల్ట్ అనే మాట మొదలుపెట్టాను. గడ్డ కరగలేదు. చుక్క నీరు రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఐసు కరగకుండా కాపాడడమే మా బాపు పని. ఆ పని ఆ రోజు మరీ బాగా చేశాడు.

ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, కరుగుతలేదు" అంది. వెనక హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసుకుంటోంది. దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టే అనిపించింది. అంతలో సారు గొంతు చెవిలో వినబడ్డట్టయి, "గుడ్. డోంట్ బిలీవ్ మి. కమ్ అండ్ సీ" అన్నాను. పిల్లలు గడ్డ చుట్టూ చేరారు. ఒక సగం మీద పొట్టు తుడిపించాను. ఆ సగం కాసేపట్లో చెమర్చింది, నీరు పళ్ళెంలోకి దిగింది. రెండో సగం అలాగే ఉంది. కవర్, బేర్, స్లో, ఫాస్ట్, మెల్ట్, మాటలన్నీ వాళ్ళే అరిచి చెప్పారు. నా గొంతు ఎండలేదు.

ఉద్యోగం వచ్చిందని చెబితే సారు ముఖం మారలేదు. "ఎవరన్నారు? కాగితం ఇచ్చారా?" అని అడిగి, చూపించాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, "మీ నాన్న కావాలనే పొట్టు అలా పట్టించి ఉంటాడమ్మా" అన్నారు. ఇంట్లో బాపు, "ఆ సారే స్కూలోళ్ళకు ముందుగాల చెప్పిపెట్టిండు" అన్నాడు. ఏళ్ళు గడిచినా ఇద్దరూ ఒకే గల్లీలో ఒకరికొకరు ఎదురుపడితే తలాడించి పోయేవాళ్ళు, అంతే.

ఇళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చి బాపు దుకాణం మూసి చాలాకాలమైంది. ఆదివారం నేను వెళ్ళేసరికి సారు గదిలో చాప మీద ఉన్నారు. నిద్రలోనే పోయారట. తమ్ముడు కాకినాడ నుంచి రావాలి. అందాకా ఉంచడానికి తెప్పించిన ఫ్రీజర్ పెట్టె ఆ ఇరుకు మెట్ల మీద పైకి ఎక్కలేదు. ఏం చేయాలో తెలియక అందరూ నిలబడ్డారు. అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చున్న బాపు తుండు నడుముకు చుట్టుకుని లేచాడు. "నా బిడ్డను టీచర్ జేసిండు. ఐసు నేను తెస్త" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. నేను అక్కడే ఏడ్చేశాను.

తమ్ముడు వచ్చేసరికి పొద్దు వాలింది. మూసిన తలుపు కింది నుంచి సన్నటి నీటిచార మెట్టు మెట్టూ దిగి గల్లీలోకి వస్తోంది. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దాన్ని తొక్కకుండా గోడవారగా పైకి ఎక్కారు. లోపల బాపు గడ్డల పక్కనే గొంతుకూర్చుని, చల్లదనానికి తెల్లబడిన అరచేత్తో సారు భుజం దగ్గర ఐసు సర్దుతున్నాడు.