జైంట్ వీల్ అవతల ఊపిన చెయ్యి

దయ్యాలు, గాలి సోకుడు అంటే నాకు మొదటినుంచి ఒళ్లుమంట. మా అమ్మ ఉప్పు, మిరపకాయలు పట్టుకొని దిష్టి తీస్తనంటే లేచి బయటికి పోయెటోణ్ణి. మా పక్కింటోళ్లు ఎక్కడికెల్లో తాయెత్తు తెచ్చి దర్వాజకు కడితే వాళ్ల ముందల్నే నవ్విన. నేను సాంచాలు రిపేర్ చేసే మనిషిని. పవర్‌లూమ్‌ను మేము సాంచ అంటం. సాంచ ఆగిందంటే ఏదో ఒకటి అరిగి ఉంటది, లేకుంటే ఊడి ఉంటది. వెతికితే దొరుకుతది. అన్నిటికి గంతే అనుకున్న ఇన్నేండ్లు.

అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగ ఉన్నది. నా ఒక్కని సంగతైతే చెప్పకపోదును. నా బిడ్డ సంగతి గనుక చెప్తున్న.

మాది సిరిసిల్ల దిక్కు. పదిహేనేండ్ల వయసుల మా మేనమామ వెంట సూరత్ వచ్చిన. పాండేసరల ఒక కార్ఖానాల దారం కండెలు అందిచ్చుడుతోని షురూ చేసి, సాంచ నడిపి, ఇప్పుడు ఫిట్టర్‌నైన. నా భార్య లలిత ఇంట్లనే చీరెలకు రాళ్లు అతికిస్తది. ఒక్కతే బిడ్డ, శ్రావ్య. ఈ ముచ్చట జరిగినప్పుడు దానికి ఎనిమిదేండ్లు. ఇక్కడ్నే పుట్టింది గనుక తెలుగు సగం, హిందీ సగం, కోపమొస్తే అంత గుజరాతీ.

నాకొక పిచ్చి ఉండె. నేను వచ్చిన కొత్తల ఈ ఊరి చుట్టు చిన్న చిన్న పార్కులు శానా ఉండె. ఒక జైంట్ వీల్, ఒక బొమ్మరైలు, ఒక ఊగే పడవ, గంతే. అప్పుడు పన్నెండు గంటల పాళి చేసొచ్చి పడుకునుడే తప్ప పార్కుకు పోయే ఓపిక ఎక్కడిది? జర తీరిక దొరికేసరికి ఆ జాగలల్ల ఫ్లాట్లు లేవవట్టినయి. అందుకే ఏదన్న పార్కు మూస్తున్నరని తెలిస్తే, మూసేలోపల నేను, శ్రావ్య బండి మీద పోయి చూసొచ్చేటోళ్లం. లలిత రాకపోయేది. "మంచిగున్నన్ని దినాలు యాదికి రాదు, మూతవడేటప్పుడు మాత్రం సాగనంపవోతడు" అని ఎక్కిరిచ్చేది. అట్ల నాలుగు పార్కులు సాగనంపినం మేము.

శ్రావ్యకు ఎక్కుడు కావాలె, నాకు మిషిన్ కావాలె. అదెట్ల తిరుగుతుంది, బెల్టు ఎక్కడుంది, బేరింగ్ ఏమంటుంది అని చూస్తుంటే నాకు పొద్దు తెల్వది. ఇంకొకటి, మూసేసే పార్కుల గ్రీజు పెట్టెటోడు ఉండడు. ఎట్లాగు పాత ఇనుముకు పోయేదే గద అని వదిలేస్తరు. అందుకే బిడ్డను ఎక్కించే ముందు పిన్నులు, బోల్టులు నేనే చూసెటోణ్ణి. ఒకపాలి పడవ పిన్ను నచ్చక ఎక్కద్దన్న. దారంత ఏడ్చింది. ఏడ్వనీ అనుకున్న.

ఇప్పుడు మా సైగల సంగతి చెప్పాలె. అది తెల్వకుంటే ఈ ముచ్చట అర్థం గాదు.

వంద సాంచాలు ఒక్కసారి కొడుతుంటే పక్కనున్నోని మాట వినరాదు. అందుకే కార్ఖానాల చేతులతోనే మాట్లాడుతం. అరచెయ్యి అడ్డంగ ఊపితే బంద్ జెయ్యి. నెత్తి మీద చెయ్యి పెడితే సేటు వస్తుండు. రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టు ఒకటి తిప్పి అరచేతులు ఖాళీగ చూపితే, బీము అయిపోయింది, జల్ది రా అని. బీమంటే సాంచ వెనుక నిలువు దారమంత చుట్టి ఉండే పెద్ద రోలు. అది అయిపోతే సాంచ ఉత్తగ నిలవడ్తది, అందుకే ఆ సైగ చూస్తే చేతులున్నది ఏదైనా పడేసి ఉరుకుతం. ఎవడు, ఎందుకు అని అడుగుడు ఉండదు. ముందు పోవాలె, అడుగుడు తర్వాత.

ఒక్కొక్కనికి ఒక సైగ పేరు కూడ ఉంటది. నన్ను చిన్నప్పుడు మాస్టర్ ఊకె చెవి మెలేసెటోడని నా పేరు చెవి గుంజుకునుడు. అది నా మొదటి కార్ఖానాల పేరు. నాతోని పనిచేసిన నలుగురికి తప్ప ఎవ్వరికి ఎరుకలేదు. ఆ కార్ఖానా ఎప్పుడో మూతవడ్డది.

చప్పుడుల బతికి బతికి నా చెవులు పోయినయి. కుడిచెవి దాదాపు ఖతం, ఎడమది సగం. అందుకని ఇంట్ల కూడ సైగలే నేర్పిన. శ్రావ్యకు అదొక ఆట. దాని పేరు, భుజం మీద జడ పట్టుకున్నట్టు పిడికిలి పెట్టుడు. మిద్దె మీదికెల్లి నేను పిడికిలి పెడితే గల్లీ చివరికెల్లి ఉరికొచ్చేది. ఆ ఉరుకుడు చూస్తే నా చెవులు పోయిన బాధ కూడ మరిచిపోయెటోణ్ణి.

ఎండకాలం మొదట్ల, ఒక ఆదివారం. ఉన్ అనే ఊరు దాటినంక ఒక చిన్న పార్కు, ఆ వారంతోనే మూస్తున్నరని మా కార్ఖానాల ఎవరో చెప్పిన్రు. మేము పోయేసరికి నాలుగైంది. ఎండ ఇంకా మండుతుంది. లోపల పదిమంది కూడ లేరు. బొమ్మరైలు పట్టాలు అప్పటికే పీకేసిన్రు. కరెంటు కూడ కోసేసినట్టున్నరు, జైంట్ వీల్‌ను జనరేటర్ మీద నడుపుతున్నరు. ఆ జనరేటర్ చప్పుడు ఎట్లుందంటే, నాకు కార్ఖానాల ఉన్నట్టే అనిపించింది. నిజం చెప్పాలంటే మంచిగనే అనిపించింది.

జైంట్ వీల్ చిన్నదే, ఎనిమిది డబ్బాలు. నడిపేది ఒక ముసలాయన, అందరు కాకా అంటున్నరు. శ్రావ్యను కటకటాల దగ్గర నిలవెట్టి, ఇక్కడ్నే ఉండు, నేను చూసొస్త అని చెప్పిన. కాకా నవ్వుకుంట ఒక్కొక్క డబ్బా కిందికి తెచ్చి చూపిచ్చిండు. నాలుగు చూసిన. నాలుగు బాగనే ఉన్నయి.

అయిదోది కిందికి వస్తుంటే తలెత్తిన. వీల్ అవతల, ఇనుప కడ్డీల సందుల నుంచి ఒక మనిషి కనవడ్డడు. బనీను, మెడకు, మూతికి చుట్టుకున్న తువ్వాల. దూది దుమ్ముకు మేము అట్లనే చుట్టుకుంటం. ఎండ అతని వెనుక ఉంది గనుక మొఖం కనవడలే. రెండుసార్లు చెవి గుంజుకున్నడు. తర్వాత రెండు పిడికిళ్లు తిప్పి, అరచేతులు ఖాళీగ చూపిండు.

నేను పోయిన. సోంచాయించలే. పదిహేనేండ్ల సంది ఆ సైగ పేరు పెట్టి ఎవడు పిలువలే, పిలిస్తే కాళ్లే లేచినయి. ఎవరో మనోడు కలిసిండని సంబురం కూడ అయింది. కటకటాల చుట్టు తిరిగి అవతలికి పోతే అక్కడ ఒక గోడ, గోడకు తాళమేసిన గేటు, ముండ్ల చెట్లు. మనిషి లేడు. గేటు తాళానికి తుప్పు పట్టి ఉంది. గోడ నాకంటె ఎత్తు. అటు ఇటు చూసుకుంట రెండు నిమిషాలు ఉన్ననేమో అక్కడ.

వెనుకకు తిరిగేసరికి వీల్ తిరుగుతుంది. అయిదో డబ్బాల, మీద కొసకు, నా బిడ్డ కూసోని ఉంది. దాని ముందల పెట్టాల్సిన అడ్డకడ్డీ కూడ పెట్టలే, పక్కకు వేలాడుతుంది.

నా పానం నాల ఉండలే. అరిచిన, నా అరుపు నాకే వినరాలే. కాకా ఎదురుంగ పోయి చెయ్యి అడ్డంగ ఊపిన. ఆయన బంద్ జేసిండు. దిగినంక ఎత్తుకోవాల్సింది పోయి చెంప మీద ఒక్కటి కొట్టిన. అంతకుముందు ఎన్నడు దాని మీద చెయ్యి లేపలే నేను. ఎవరెక్కమన్నరే అంటే, ఏడ్చుకుంట, "నువ్వే గదా పప్పా" అన్నది.

కాకా మీదికి ఉరికితే ఆయన కూడ పరేషాన్ అయిండు. "ఆప్ హీ నే తో హాథ్ దిఖాయా" అన్నడు. నువ్వే గద చెయ్యి చూపినవ్ అని. ఎక్కడ నిలవడి చూపిన అని అడిగితే, ఆ గోడ దిక్కే వేలు పెట్టిండు. నేను అక్కడున్న మాట నిజమే. కానీ నా చేతులు రెండు నడుం మీద ఉన్నయి. అది నాకు పక్కా యాది ఉన్నది.

ఇంటికొచ్చి లలితకు చెప్పిన. ఎండకు కండ్లు తిరిగినయి నీకు, చెయ్యి ఊపిన సంగతే మరిచిపోయినవ్ అన్నది. నేను కూడ అట్లనే అనుకుందామని చూసిన. అన్నం తినేటప్పుడు శ్రావ్య నా చెయ్యినే చూస్తుంది. ఏందిరా అని అడిగిన.

నా కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటది. ఇది మీకు ముందే చెప్పాల్సింది, నాకు అలవాటైపోయి యాదికి రాదు. గేర్ల పడి పోయింది, శ్రావ్య పుట్టకముందే.

"పార్కుల నీ వేలు మంచిగయ్యింది గద పప్పా" అన్నది. "జడ పట్టినవ్, మీదికి పో అని వేలు చూపినవ్. మొత్తం వేలుండె. గందుకే ఖుషీతోని ఎక్కిన."

ఆ రాత్రి నుంచి లలిత ఎండకు కండ్లు తిరిగినయి అనుడు బంద్ చేసింది.

మరునాటి నుంచి నాతోని ఆ మొదటి కార్ఖానాల పనిచేసిన నలుగురిని వెతికిన. ఒకాయన భీవండిల ఉన్నడు. ఇద్దరు సిరిసిల్ల పోయిన్రు. ఒకాయన ఇక్కడ్నే రింగ్ రోడ్ల మూటలు మోస్తుండు, ఆ దినం వాళ్ల అల్లుని ఇంట్ల పెండ్లిల ఉన్నడు, ఫోటోలు చూపిచ్చిండు. నలుగురు బతికే ఉన్నరు, నలుగురికి ఆ పార్కు ఎక్కడున్నదో కూడ తెల్వదు. చెప్పొద్దు గని, అండ్ల ఒక్కడు చచ్చిపోయి ఉంటే బాగుండు అనిపించింది. కనీసం ఆ ఊపిన చెయ్యికి పెట్టుకునేందుకు ఒక పేరన్న దొరుకుతుండె. ఆ పాపపు ఆలోచనకు నాకే ఏడుపొచ్చింది.

వారం తర్వాత ఒక్కణ్ణే మళ్ల పోయిన. వీల్‌ను గ్యాసుతోని కోసి పాత ఇనుముల వేస్తున్నరు. డబ్బాలన్ని ఒక దిక్కు పడేసి ఉన్నయి. అయిదోదాని పిన్ను తీసి చూసిన. చిటికెనవేలంత ఉండాల్సిన పిన్ను ఒక దిక్కు అరిగి అరిగి మొల అంత మిగిలింది. నేను ఆ దినం దాన్ని చూసి ఉంటే శ్రావ్యను ఆ వీల్ దరిదాపులకు పోనియ్యకపోదును. చూసే నిమిషంలనే నన్ను పిలిచిన్రు. నన్ను అటు పిలిచి, బిడ్డను ఇటు ఎక్కించిన్రు. కాకా కోసం అడిగితే ఊరికి పోయిండన్నరు.

ఆ తర్వాత పార్కుల మాట మేము ఎత్తలే. మెల్లగ అంత సర్దుకున్నట్టే అనిపించింది. ఒక్క సంగతి నేను పట్టించుకోలే. నేను పిడికిలి పెట్టి పిలిస్తే శ్రావ్య ఉరికొచ్చుడు బంద్ చేసింది. దగ్గరికి నడిచొచ్చి, నా మొఖం చూసి, నా చెయ్యి పట్టుకొని చూసి, అప్పుడు ఏంది పప్పా అనేది. పెద్దగైతుంది, సిగ్గువడుతుంది అనుకున్న. ఎంత తెలివితక్కువోణ్ణి.

మొన్న వానకాలంల, బడి వదిలే యాళ్లకు నేను రోడ్డు ఇవతల నిలవడ్డ. అది అవతల గేటు దగ్గర ఉన్నది. నన్ను చూసి రోడ్డు మీదికి దిగింది. మూటలేసుకొని ఒక టెంపో మూలమలుపు నుంచి జోరుగ వస్తుంది. నాకు కనవడుతుంది, దానికి కనవడదు. ఆ ట్రాఫిక్‌ల అరిస్తే ఏం వినవడ్తది? పిడికిలి భుజం మీద పెట్టి, చెయ్యి అడ్డంగ ఊపిన. ఇదివరకైతే ఆ చెయ్యికి అడుగు పడ్డకాడ్నే నిలవడేది.

ఆగలే. నా చెయ్యి దిక్కు కండ్లు చిన్నగ చేసి చూసింది, చూసుకుంట ఇంకో రెండడుగులు వేసింది. టెంపో అద్దం తగిలి పడ్డది. దేవుని దయ, మోచెయ్యి విరిగింది గంతే. ఆరు వారాలు పట్టీ.

దవాఖానల ఎందుకు ఆగలేదు బిడ్డా అని అడిగిన. "నువ్వో, వాడో అని చూస్తున్న పప్పా" అన్నది.

డాక్టరు నా ఎడమచెవి కూడ ఎక్కువ దినాలు పనిచెయ్యదని చెప్పిండు. ఆ తర్వాత నాకు, నా బిడ్డకు నడుమ ఈ చేతులే. ఆ పార్కుల చెయ్యి ఊపింది ఎవరో నాకు ఇప్పటికి తెల్వదు, ఎందుకు ఊపిండో అసలే తెల్వదు. రోడ్డు మీద ఊపింది మాత్రం నేను. అది నేనే అని, చిన్నప్పటి సంది సైగలు నేర్పిన బిడ్డకు ఇప్పుడు ఎట్ల చెప్పాలెనో నాకు తోస్తలేదు.