పర్నెల్ గారి డొక్కు మిషన్

థాడియస్ పర్నెల్ జన్మలో ఎవరినీ "తప్పు వాయించావు" అనలేదు. ఎవరు శ్రుతి తప్పినా, ఎవరు తాళం తప్పినా రికార్డింగ్ మిషన్ ఉన్న అద్దాల గదిలోంచి ఒకటే కేక: "ఆగండాగండి! మిషన్ మొరాయించింది!"

నల్లవాళ్ళ పేట హార్లెంలో ఆయనకి రికార్డుల కొట్టుండేది. పెద్ద కంపెనీలు మా జాజ్ వాళ్ళని గడప తొక్కనివ్వని రోజుల్లో, బయటి చప్పుడు రాకుండా వెనకగది గోడలకి దుప్పట్లు కొట్టి తనే కంపెనీ పెట్టేశాడు. యజమానీ ఆయనే, టేపు తిప్పేదీ ఆయనే, మాకు చేపల శాండ్‌విచ్‌లు మోసుకొచ్చేదీ ఆయనే. నేను బేస్ ఫిడేలు వాయించేవాణ్ణి. నా వల్ల పాడైనన్నిసార్లు ఆ మిషన్ ఇంకెవరి వల్లా పాడై ఉండదు.

"ఆ డొక్కు మిషన్ అవతల పారేసి కొత్తది కొనకూడదూ?" అని డ్రమ్మర్ క్లీటస్ ఏడిపించేవాడు.

"దానికి నేనంటే ప్రాణంరా" అనేవాడు పర్నెల్, నవ్వు బయటపడనీయకుండా.

ఒక మధ్యాహ్నం లూషియస్ గేడెన్ వచ్చాడు. ఆయన ట్రంపెట్ వినే మేమంతా ఈ పిచ్చిలో పడ్డాం. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక పెదాలకి పట్టు పోయి, ఆయన పని అయిపోయిందని ఊరంతా తేల్చేసింది.

"ఒక్క పాట, థాడియస్. అదీ రాకపోతే ట్రంపెట్ ముట్టను" అన్నాడు.

మొదటిసారి పైస్వరం దగ్గర ఉత్త గాలి వచ్చింది. "మిషన్!" అని కేక. రెండోసారి ఈల వచ్చింది. "దీని దుంప తెగ!" అంటూ పర్నెల్ మిషన్‌ని ఫెడీమని తన్నాడు. మేమూ తలోమాటా తిట్టాం. లూషియస్ మాత్రం పెదాలు తుడుచుకుని ట్రంపెట్ పెట్టె అందుకున్నాడు.

"ఇంకొక్కసారి, అన్నా" అన్నాను.

ఈసారి ఆయన పైస్వరం జోలికే పోలేదు. గదిలో లేని మనిషిని మెల్లగా పేరుపెట్టి పిలుస్తున్నట్టు, అంతా కిందనే వాయించాడు. క్లీటస్ కొట్టడం మానేసి వింటూ కూర్చున్నాడు.

పాట అయ్యాక పర్నెల్ బయటికొచ్చాడు. కళ్ళు తడి, మొహం పాలిపోయింది.

"అన్నా... మిషన్..."

"మొరాయించిందా?"

"లేదన్నా, అది బంగారంలా ఉంది! నువ్వు ఎత్తుకోగానే మైమరిచి, నేనే రికార్డు మీట నొక్కడం మర్చిపోయాను. ఒట్టు! అద్భుతంగా వాయించావు!"

లూషియస్ పళ్ళు కదిలేలా నవ్వాడు. "నీ మిషన్ సంగతి అందరికీ తెలుసులేరా. ఇవాళ నాకోసం నేరం నీ మీదే వేసుకుంటున్నావా?"

"నిజమన్నా! కావాలంటే వీళ్ళనడుగు!"

"నిజమే" అన్నాం మేమిద్దరం.

"మీరూ ఈయన దగ్గర తయారైనవాళ్ళేగా! సరే, ఇంత ముద్దుగా అబద్ధమాడే మనిషి కోసం ఇంకోసారి వాయించకపోతే ఎలా?" అని ట్రంపెట్ ఎత్తాడు.

ఆ చివరిదే రికార్డయింది. లూషియస్‌కి మళ్ళీ కచేరీలు వచ్చాయి. ఉన్నన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా "థాడియస్ లాంటి స్నేహితుడు ఎవరికుంటాడు!" అని ఆ కథే చెప్పేవాడు. పర్నెల్ పక్కన నించుని సిగ్గుపడేవాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. క్లీటస్ కూడా పోయాడు. రికార్డు నా దగ్గరుంది. బాగానే ఉంటుంది. కానీ నా ప్రాణం కొట్టుకునేది దానికి ముందు వాయించి, టేపుకెక్కకుండా పోయినదాని కోసం. వీధిలో నడుస్తుంటే నాలుగు స్వరాలు గుర్తొస్తాయి, ఐదోది ఎంత వెతికినా దొరకదు.

ఏం పోయిందయ్యా పర్నెల్, ఆ ఒక్క మీటా నొక్కితే!