అంచున అక్షరాల్లేని డాలరు

అంబాతో అనే ఊరి బజారులో సోయిలా మసబందాతో మంచిగా మాట్లాడేవాళ్లు తక్కువ. ఆవిడా ఎవరితోనూ మంచిగా మాట్లాడింది లేదు. పెళ్లయిన ఏడాది నుంచీ జున్ను కూరిన బంగాళాదుంప అట్లు కాలుస్తూ, పొగకు ఎర్రబడ్డ కళ్లతో వచ్చేపోయేవాళ్లను ఉరిమి చూసేది. పక్క పొయ్యి ఎర్మెలిందాది. ఆవిడా అవే అట్లు అమ్మేది. ఇద్దరికీ అస్సలు పడదు.

మా బజారులో ఎవరి సామాను మీద వాళ్ల గుర్తు ఉండాల్సిందే. లేకపోతే పొద్దుటి గరిటె సాయంత్రానికి ఇంకో పొయ్యి దగ్గర తేలుతుంది. సోయిలా గుర్తు మేకుతో గీసిన శిలువ. గరిటెలకు, పళ్లేలకు, కూర్చునే పీటకు కూడా గీసింది.

ఒక ఏడాది మూల కొట్టు ఖాళీ అయింది. పొగను గాలి బయటికి లాక్కెళ్లే చోటది. ముందుగా బయానా కట్టినవాళ్లకే ఇస్తామన్నారు సంఘంవాళ్లు. సోయిలాకు చూపు మందగిస్తోంది, ఆ మూల దక్కకపోతే పొయ్యి ఆర్పేయాల్సిందే. ఎర్మెలిందాకూ ఆ మూలే కావాలి.

ఒకరోజు అట్లు తినడానికొచ్చిన బ్యాంకు గుమాస్తా, సోయిలా ఇచ్చిన చిల్లరలోని పసుపు డాలరు బిళ్లను తిప్పి తిప్పి చూశాడు.

"డోన్యా సోయిలా, దీని అంచు మీద అక్షరాల్లేవు. అచ్చు వేసినచోట జరిగిన పొరపాటు. ఇలాంటి వింత బిళ్లలు ఏరి దాచుకునేవాళ్లు మంచి ధర ఇస్తారు. నీ బయానా వచ్చినా రావచ్చు. సోమవారం సంతకు కీటో నుంచి ఒకాయన వస్తాడు, చూపించు."

సోయిలా బిళ్లను లాక్కుని ఇంకోటి ఇచ్చింది. అప్పటికే ఎర్మెలిందా లేచి వచ్చేసింది.

"అది నాది! పొద్దున నీ నోటుకు చిల్లర ఇచ్చింది నేనే కదటే?"

"ఇచ్చావు, తీసుకున్నాను. ఇక నాదే."

"దొంగమొహమా!"

"పోవే. నీ అట్టులో జున్నెంతో నీ మాటలో నిజమూ అంతే."

"సోమవారం రానీ. ఆయన ముందే నా బిళ్ల నేను లాక్కుంటా. నీదని గుర్తేముంది?"

ఆ మాట సోయిలాకు గుచ్చుకుంది. ఇంటికెళ్లి మేకు తీసి, బిళ్ల మీద లోతుగా శిలువ గీసింది.

సోమవారం కీటో ఆసామి భూతద్దం పెట్టుకుని మొదట అంచు చూశాడు. తల ఊపాడు. బిళ్లను మొహం వైపు తిప్పాడు.

"ఎవరు గీశారు దీన్ని?"

"నేనే. నాదని తెలియాలిగా!"

"పాడుచేశావమ్మా. గీసిన బిళ్ల ఎవరూ దాచుకోరు. ఇప్పుడిది ఒట్టి డాలరు."

"అంచు బాగానే ఉందిగా!"

"మొహం బాగాలేదుగా. దీంతో ఏ అట్టో కొనుక్కో."

ఎర్మెలిందా పగలబడి నవ్వింది. "విన్నారా? అట్టు కొనుక్కోవాలట!"

సోయిలా నేరుగా వెళ్లి ఎర్మెలిందా బల్ల ముందు కూర్చుంది. "పెట్టు."

"ఏంటి?"

"అట్టు. బిళ్ల నీదేనని అరిచావుగా, ఇదిగో తీసుకో."

అందరూ చూస్తున్నారు. డాలరు డాలరే, కాదనడానికి లేదు. ఎర్మెలిందా పళ్లేన్ని బల్ల మీదికి విసిరినట్టు పెట్టింది. సోయిలా తీరిగ్గా మొత్తం తిని, మూతి తుడుచుకుంది.

"ఉప్పు లేదు" అంది.

ఆ వారమే ఎర్మెలిందా బయానా కట్టి మూల కొట్టుకు మారింది. సోయిలా పొయ్యి ఆర్పలేదు, ఇంకా ఆ పొగలోనే కాలుస్తోంది. ఎదుటి మనిషి ఆనవాలు సరిగా పట్టలేదు గానీ, మూల వైపు మళ్లే అడుగుల చప్పుడు మాత్రం పట్టేస్తుంది. "వెళ్లండి, వెళ్లండి, అక్కడ ఉప్పుండదు" అని అరుస్తుంది.