గంగవ్వ ప్యానల్

రెంజల్ దగ్గర మా ఊళ్లో బీడీలు చుట్టే పదిమంది ఆడవాళ్లం కలిసి మా చెరకు చేలకు సోలార్ మోటారు పెట్టించుకున్నాం. ఎవరు తుడిచే ప్యానల్ మీద వాళ్ల పేరు రాయాలన్న తెలివి నాదే.

ఎండలు ముదిరాక నీళ్లు సన్నబడ్డాయి. మోటారు పాడైందనుకుని కంపెనీవాళ్లను ఫోన్లో తిట్టిపోశాను. చెరకు ఎండిపోయాక మెకానిక్ వచ్చాడు. దుమ్ము మందంగా పేరుకున్న ఒక ప్యానల్ మీద వేలితో గీత గీశాడు.

“గిది ఎవరు తుడవలే?”

“గది గంగవ్వది. నెల సంది నిజామాబాద్ దవాఖానల ఉన్నది,” అన్నాను. పక్కదే నాది, అద్దంలా మెరుస్తోంది.

“అన్నీ ఒక్క వైరు మీదనే ఉన్నయక్కా. ఒక్కటి గిట్లయితే అన్నిటి బలం పోతది.”

తన రుమాలుతోనే తుడిచాడు. నీళ్లు దబదబా దూకాయి.

ఆ పూటే తప్పు నీదంటే నీదని అందరం కొట్లాడుకున్నాం. తర్వాత దవాఖాన నుంచి వచ్చిన గంగవ్వ, “నా పేరెందుకు రాస్తిరే?” అని ఏడ్చింది. చివరికి ఎవరి ప్యానల్ వాళ్లం విప్పుకుపోయాం.

గంగవ్వ ప్యానల్ నాకు చెయ్యి చాపితే అందేది. నా ప్యానల్ మీద మిరపకాయలు ఎండబెడుతున్నాను. పేరు ఇంకా చెరగలేదు.