ఒక్కతే బిడ్డ

కోరుట్లలో చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హైస్కూలు ఒకటుంది. గేటు దాటగానే ఫినాయిల్ వాసన, హాస్టల్ వరండాలో తీగ మీద ఆరేసిన తెల్ల రిబ్బన్లు. మా అక్క కూతురు అక్కడ తొమ్మిదో తరగతి చదివింది. పూర్తిగా కాదు, దసరా దాకా.

అక్కాబావలది సిరిసిల్ల. బావ సాంచాల మీద బట్ట నేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలే అంటారు. ఆ చప్పుడులో పిల్ల చదువుకోలేకపోతోందని హాస్టల్లో వేద్దామనుకున్నాడు.

తల్లిదండ్రులకు ఒకే సంతానమైన ఆడపిల్లకు ఆ హాస్టల్లో ఉచితంగా సీటిస్తారు. ఆ సంగతి బావకు తెలియదు. చేర్పించే రోజు హెడ్‌మిస్ట్రెస్ అడిగిందట, “మీకు బిడ్డలెంతమంది?” అని. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చిన సిస్టర్. వాళ్లకు బిడ్డలంటే పిల్లలందరూ. మా దిక్కు బిడ్డ అంటే కూతురే, కొడుకును ఆ లెక్కలో వేయరు. బావ ఉన్నమాటే చెప్పాడు.

“ఒక్కతే బిడ్డ, సిస్టరమ్మా.”

సీటొచ్చింది. పిల్ల తెలివైనదని ఇచ్చారనుకుని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు.

దసరాకు ముందు ఓ ఆదివారం అక్క ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని బిడ్డను చూడ్డానికి పోయింది. వాళ్లు గేటు దగ్గర నుంచే “అక్కా” అని కేకేశారు. సిస్టర్ వరండాలోనే ఉంది.

మరునాడు తండ్రిని రమ్మని కబురొచ్చింది. జగిత్యాలలో ఉండే నన్నూ బావ పిలిపించుకున్నాడు. పేపర్లో పనిచేసినవాణ్ని, నా మాట చెల్లుతుందని ఆయన నమ్మకం. ఆ పదం ఇక్కడొకటి, అక్కడొకటి ఎట్లా అయిందో నేను విడమరిచి చెప్పాను. సిస్టర్ ఓపికగా విన్నది.

“మీరు విలేకరులు. ఏ మాటకు ఏ అర్థమైనా తేగలరు,” అంది. తర్వాత బావ వైపు తిరిగింది. “అబద్ధం చెప్పానని ఒప్పుకోండి. క్షమిస్తాం. అమ్మాయి ఇక్కడే చదువుకుంటుంది.”

“ఉన్నదే చెప్పిన గదమ్మా. కొడుకులెందరని అడిగితె ఇద్దరని చెప్పకపోదునా?”

“ఒక్క మాట చాలు.”

“ఆడని అబద్దం ఆడిననని ఎట్లనాలె?”

పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. “అనరాదా బాపూ, ఒక్క మాటే గదా,” అంది మెల్లగా.

బావ అనలేదు. సిస్టర్ లేచి, పెట్టె సర్దుకోమని పిల్లకు చెప్పింది.

నా ఉద్యోగంలో అబద్ధాలాడి నిజమని నమ్మించినవాళ్లను చాలామందిని చూశాను. నిజం చెప్పినవాణ్ని అబద్ధికుడినని ఒప్పుకోమనడం, దానికి క్షమ అని పేరు పెట్టడం మాత్రం ఆ గదిలోనే చూశాను.

బస్సులో పిల్ల తండ్రి పక్కన కూర్చోలేదు, నా పక్కకు వచ్చింది.

“బాపు చెప్పింది నిజమే మామా. గా నిజంతోని నాకేమొచ్చింది?”

వేములవాడలో బస్సు ఆగినప్పుడు బావ దిగి అరటిపండ్లు తెచ్చి వెనక సీట్లోంచి అందించాడు. ఆమె చెయ్యి చాపలేదు. నేనే తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు సిరిసిల్లలోనే చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. తండ్రిని ఏదైనా అడగాల్సి వస్తే, ఆయన ఎదురుగా ఉన్నా, తల్లితో అడిగిస్తుంది.