భాను చేతులు మెరిసిన రోజు

మా ఆడపడుచు భానుకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీ కూడా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే తాగుతుంది. బడ్జ్ బడ్జ్ లోకల్ రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడుతుందట. అలాంటి మనిషికి భవానీపూర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, అదీ ఎమర్జెన్సీలో, నర్సు ఉద్యోగం దొరికింది. దాని కాళ్లకు తగిన పని దొరికిందని నేను సంబరపడ్డాను. పగలంతా నా కాళ్లకు అడ్డం పడదు కదా అని కూడా.

అక్కడ రోగిని ముట్టుకునే ముందూ, ముట్టుకున్న తరవాతా చేతులకు శానిటైజర్ రాసుకోవాలి. అంబులెన్సులు వరసపెట్టి వస్తుంటే చాలామంది ఎగ్గొడతారు. భాను ఎగ్గొట్టదు. ఆ నిష్ఠకి ఫలితం ఈ చలికాలం కనిపించింది. అరచేతులు బీటలు వారాయి, వేళ్ల సందుల్లో నెత్తురు ఊరింది. అన్నంలో పులుసు కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.

పైవాళ్లకు చెప్పమంటే నామీద విరుచుకుపడింది. పగిలిన చేతుల్లో క్రిములు దాక్కుంటాయని, చేతులు మానేదాకా నర్సుని రోగుల దగ్గరికి రానివ్వరట. రికార్డుల గదిలో కూర్చోబెడతారట. కిందటేడు సమీర అనే అమ్మాయిని అలా పంపితే, ఆమె స్థానంలోకి వచ్చిన మరో పిల్ల పాతుకుపోయింది. చేతులు మానినా సమీర ఇంకా ఆ ఫైళ్ల మధ్యే ఉంది.

"అక్కడ కూకుంటే నాకు పిచ్చెక్కిపోద్ది వదినా," అంది భాను.

ఇక మా అత్త అమ్మన్నమ్మ. జూట్ మిల్లులో పనికని బెంగాల్ వచ్చిన మామ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న మనిషి. ఊరు మారింది గానీ ఆవిడ వైద్యం మారలేదు. కాలు బెణికినా పసుపే, గొంతు నొప్పెట్టినా పసుపే. ఒకరోజు సాయంత్రం కూతుర్ని పీట మీద కూలేసి, కొబ్బరినూనెలో పసుపు రంగరించి పగుళ్లనిండా కూరేసింది. మంట తగ్గేసరికి భాను కూడా కిక్కురుమనలేదు. పొద్దున్నే సబ్బుతో బాగా తోముకుని మరీ పనికి వెళ్లింది. చూపుకు పసుపు ఆనవాలే లేదు.

సరిగ్గా ఆ రోజే ఎమర్జెన్సీలో చేతుల పరీక్ష పెట్టారు. ఒక లోషన్ రాసుకుని, కడుక్కుని, చేతులు నీలిరంగు దీపం కింద పెట్టాలి. సరిగా కడగని చోట ఆ లోషన్ మెరుస్తుంది. అందరి చేతుల మీదా అక్కడక్కడా మరకలు కనిపించాయి. భాను అరచేతులు మాత్రం ధగధగలాడిపోయాయి. పసుపు కూడా ఆ దీపానికి మెరుస్తుందని మా అత్తకేం తెలుసు, నాకేం తెలుసు! భానుకి మాత్రం చూడగానే అర్థమైంది. మెరిసింది పగుళ్లలో దిగిన పసుపే. ఆ వెలుగులో పగుళ్లని ఇంకెవరూ పోల్చుకోలేదు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడందరూ దిది, అంటే అక్క, అని పిలిచే ఇన్‌ఛార్జి సిస్టర్ అరుంధతి మొహం మాడిపోయింది. భానుని చూసి నేర్చుకోండని కొత్తవాళ్లకు చెప్పేది ఆవిడే మరి. కడగలేదా అని అడిగింది. పసుపు రాశానంటే ఎందుకు రాశావంటారు, చేతులు చూపించమంటారు. భాను గుప్పిళ్లు మూసేసి, హడావిడిలో సరిగా కడగలేదని ఒప్పేసుకుంది. నలుగురిలో నాలుగు చీవాట్లు తిని బయటపడింది. చెయ్యని తప్పు నెత్తినేసుకుందని విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం తేలేభాజా దుకాణంలో బజ్జీలు వేసే ఒకాయన్ని తీసుకొచ్చారు. కాగుతున్న నూనె ఒలికి ముంజేతి తోలు లేచిపోయింది. కట్టు కట్టడానికి భాను వెళ్లింది. పొద్దుటి లోషనుకి చేతులు అప్పటికే భగ్గుమంటున్నాయి. శానిటైజర్ సీసా దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. సీసా నొక్కకుండానే రెండు చేతులూ రుద్దుకుంది. ఎవరూ గమనించలేదు. గ్లవ్స్ అందుకోబోతుంటే, ఆయన "మెల్లగా దిదీ" అని కాలిన చెయ్యి ముందుకు చాపాడు.

భాను వెనక్కి తగ్గింది. ఇంకో నర్సుని పిలిచి ఆయన్ని అప్పగించింది. తిన్నగా అరుంధతి దిది దగ్గరికెళ్లి అరచేతులు రెండూ తెరిచింది. పొద్దున అబద్ధం చెప్పానంది. పొద్దున కడిగానని, ఇప్పుడు మాత్రం కడగలేదని, తనని అక్కణ్ణుంచి తీసెయ్యమని బెంగాలీలో చెప్పి ఏడ్చేసింది. దిది ఆ పూటే రికార్డుల గదికి పంపింది. చేతులు మానాక మళ్లీ తీసుకుంటారా అని నేనడిగితే, అది అడగనే లేదట.

నాకు కోపం ఆగలేదు. చేతులు అంతలా దాచినదానివి, అన్ని తిట్లు పడ్డదానివి, ఎవరూ చూడనప్పుడు వెళ్లి నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా అని కేకలేశాను.

వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న భాను ఆగింది.

"ఎవులూ సూడకపోడమేటి వదినా. ఆయన నా సేతులకేసే సూత్తన్నాడు. నాను రుద్దుకోడం సూసే తన సెయ్యి సాపినాడు."