గుడ్డ మీద ఇటుక గోడ

మా ఉస్తాద్ చనిపోయారు. కువైట్‌లోని షువైఖ్‌లో, నాటకాల తెరలు గీసే గోదాములో. తుపాకీ గుండు తగిలి కాదు, చక్కెర జబ్బుకు సూది మందు దొరక్క. ఇటలీలో ఆయనకు ఎవరున్నారో నాకు తెలియదు. తెలిసినా ఫోన్లు లేవు. అందుకే జోర్డాన్‌లో శరణార్థుల గుడారంలో కూర్చుని మీకు చెబుతున్నాను.

ఆయన చిత్రకారుడు. బొమ్మలు అమ్ముడుపోక నాటకశాలల్లో చేరి సెట్టింగులు వేశారు. నాటకం అయిపోగానే తెర కడిగి, అదే గుడ్డ మీద ఇంకో ఊరు గీయాలి. "నా బొమ్మలన్నీ ఒకదాని కింద ఒకటి పడుకున్నాయి" అనేవారు, వచ్చీరాని హిందీలో. కువైట్‌లో కొత్త నాటకశాల పెడతామంటే వచ్చారు. గుడ్డను నేల మీద పరిచి, చెప్పులు విడిచి, దాని మీదే నడుస్తూ చీపురంత బ్రష్షుతో గీసేవారు. నేను రంగులో జిగురు కలిపేవాణ్ణి. వంగి చూస్తే చొక్కా పట్టి వెనక్కి లాగేవారు, దూరం నుంచి చూడమని. "దూర్ సే దేఖో!"

ఇరాక్ సైన్యం వచ్చింది. మా కఫీల్, వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మమ్మల్ని వదిలేసి సౌదీకి కారెక్కాడు. వాడి ముఖాన ఉమ్మాలి. సైనికులు తెల్లవాళ్ళను ఏరి పట్టుకుపోతున్నారు. ఉస్తాద్ పెద్ద గుడ్డ మీద ఇటుక గోడ గీసి గోదాము చివర వేలాడదీయించారు. వెనక ఆయన మంచం. ముందు, ఎవరూ దగ్గరికి రాకుండా రంగు డబ్బాలు.

నాతో పనిచేసే నిజామాబాద్ అన్న నవ్వాడు. "గిదేం గోడ ఉస్తాద్? మేక పొడిస్తే చినుగుతది."

"మేక రాదులే. సోల్జర్లే వస్తారు."

వచ్చారు. టార్చి వేశారు. తిట్టి పోయారు. గోడ నిలబడింది.

సూది మందే అయిపోయింది. ఆసుపత్రిని ఫ్రిజ్‌లతో సహా దోచుకుపోయారు. ఉస్తాద్ ఎన్ని నీళ్ళు తాగినా దాహమే. చివరికి మంచం దిగలేకపోయారు.

"నేను పోయి సైనికులకు చెప్పొస్తా ఉస్తాద్. తీసకపోతే తీసకపోనీ, సూదన్నా ఏస్తారు" అన్నాను.

"బాంబులు పడకుండా నన్ను ఫ్యాక్టరీ ముందు కూర్చోబెడతారు. వాళ్ళ సెట్టింగులో నేను బొమ్మను కాను."

"బతికుంటారు కదా!"

"యల్లా, ఇక కానీ, టీ పెట్టు."

నేను తలుపు దాకా పోయాను. నిజామాబాద్ అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆయన పానం ఆయనది తమ్మీ. దాన్ని నువ్వు అమ్మొద్దు."

టీ చల్లారింది. తెల్లారేసరికి ఉస్తాద్ లేరు.

గోదాము వెనక ఇసుకలో పూడ్చాం. ఆయన మతం ప్రార్థన మాకు రాదు. ఊరికే నిలబడ్డాం.

మర్నాడు సైనికులు దోపిడీకొచ్చారు. డబ్బాలు తన్నేసి, ఒకడు గోడ మీద చెయ్యేశాడు. గోడ ఊగింది. వాడు పడీపడీ నవ్వి మిగతావాళ్ళను పిలిచాడు. తాళ్ళు కోసి, లారీలో దోచిన ఏసీల మీద దాన్ని కప్పారు. లారీ ఇరాక్ వైపు బస్రా రోడ్డెక్కింది. దాని మీద ఇటుక గోడ గాలికి ఉబ్బుతూ, పడుతూ, ఉబ్బుతూ పోయింది.